సంత రోజు సిగ్నల్

సంత రోజు. పల్లె పొదుపు సంఘంలో జనం లైను గుమ్మం దాటింది. కౌంటర్ వెనక మేనేజరమ్మ, ఆఫీసుకి మొబైల్ టవర్ ఇంటర్నెట్ ఎంచి పెట్టించిన టెక్నీషియన్.

"డబ్బు తీసుకోడానికి ఆ ముసలమ్మ వేలిముద్ర పెట్టి ఎంతసేపైంది? స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది."

"టవర్ మీద రద్దీ అక్కా. సంతకొచ్చినవాళ్ళ ఫోన్లన్నీ దానిమీదే."

"టెస్ట్ చేస్తే నెట్ పరిగెత్తిందన్నావ్?"

"ఆదివారం చేశాం కదా. ఆఫీసు ఖాళీగా ఉంటుంది రమ్మని మీరే పిలిచారు."

"నా నెత్తిన రుద్దకు. శాటిలైట్ డిష్ పెట్టిద్దామంటే దండగన్నావ్. ఇప్పుడైనా మార్చు."

"ఈ నెట్ కంపెనీతో మూడేళ్ళకి సంతకం పెట్టేశాం అక్కా."

"ఈ నెల కూడా లావాదేవీలు సరిగా జరక్కపోతే బ్రాంచి ఎత్తేస్తామన్నారు పైవాళ్ళు."

"లైన్లోవాళ్ళని సాయంత్రం రమ్మనండి. సంత విడిపోతే నెట్ పరిగెడుతుంది."

"సంత విడిపోయాక వాళ్ళ ఊళ్ళకి బస్సు లేదు నాయనా."

"మరి ఏం చెబుదాం?"

"ఏం చెప్పకు. షట్టర్ సగం దించు, ఇవాళ పని కాదని వాళ్ళకే తెలుస్తుంది."