ఉమేష్ చెప్పిన అర్థం

జంగ్లీఘాట్‌లో మేడమీది వాటా. సాయంత్రం. మాట్లాడుకుంటున్నది తాతబ్బాయి, అతని కూతురు కనకలక్ష్మి. కొడుకు ఉమేష్ ఓడ మీద చనిపోయి నాలుగు నెలలైంది.

“యూస్‌లెస్ ఫెలో. దాన్ని స్పానిష్‌లో ఏటంటారో నీ ఫోన్లో సూడమ్మా.”

“ఎవరికి నాన్నా?”

“ఎవరికైతే ఏటి? సూడు.”

“మతేయోకా? అన్నతో పాటు ఓడలో ఉన్న వంటాయనకా? అన్న బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి పంపించాడు ఆయన. ఆయన్ని తిడతావా?”

“తిట్టడానికి కాదే.”

“మరి? వారం వారం మెసేజ్ పెడతాడు, నాన్నగారు ఎలా ఉన్నారని. ఒక్కదానికీ నువ్వు జవాబివ్వలేదు. ఇవాళ ఇస్తావు, అదీ ఈ మాటా!”

“కనకా, సూడమన్నాను.”

“ఇనూతిల్. ఇనూతిల్ అని వస్తోంది. పనికిమాలినోడు అని.”

“అంతేనా? ఇంకో అర్థం నేదా? కొంచెం మెత్తగా?”

“తిట్టులో మెత్తనేంటి? ఏమైంది? సచ్ బోలో నాన్నా, నిజం చెప్పు.”

“మీ యమ్మ ఏదీ?”

“కింద నూకన్న మావయ్యోళ్ళింట్లో ఉంది. చెప్పు.”

“అన్న ఆకరిసారి ఫోన్ సేసినాడు కదా.”

“బాగా మాట్లాడాడన్నావు. తిన్నావా నాన్నా అని అడిగాడన్నావు.”

“అడిగినాడు. అదీ అడిగినాడు. తరవాత, అమ్మ ఆపరేషన్‌కి రాలేను, కాంట్రాక్టు ఇంకో ఆర్నెల్లు పెంచినారు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోనాది. యూస్‌లెస్ ఫెలో, రాకు, ఇంక ఎప్పుడూ రాకు అనీసి ఫోన్ పెట్టీసినాను.”

“నాన్నా…”

“తొమ్మిదో రోజున ఓడ తాడునిచ్చెన మీంచి పడిపోనాడు.”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం? తాడు తెగింది. అందరూ చూశారు.”

“అది కాదమ్మా. ఆడు స్పీకర్ పెట్టినాడు. నాను అలగన్నప్పుడు పక్కనెవడో ఏదో అడిగినాడు. మతేయోనే. మీ నాన్న ఏటన్నాడు అనే అడిగుంటాడు. ఉమేష్ ఆయనకేటి సెప్పినాడో, ఏడ్సినాడో… అది నాకు తెలాలి.”

“ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు. అన్నే స్పానిష్ నేర్చుకుని మాట్లాడేవాడు.”

“అందుకే. నాను ఇలగన్నాను, దాని మత్‌లబ్ ఇనూతిల్ అని రాయి. ఒప్పీసుకుంటాను.”

“అర్థం తరవాత రాద్దాం. ముందు అడుగుతా. ‘ఆ రోజు ఫోన్లో నాన్న అన్న మాటకి ఉమేష్ మీకేం చెప్పాడు?’ పంపించాను.”

“సూసినాడా?”

“ఆగు. చూశాడు. రాస్తున్నాడు.”

“ఇంకా రాస్తన్నాడా? అంతేటి రాస్తాడు?”

“వచ్చింది. ఉండు, తెలుగులోకి మార్చనీ.”

“సదువు. ఏదీ దాయకు.”

“‘నాన్నగారూ, నాకు గుర్తుంది. మీ గొంతు పెద్దగా ఉంది. నేను భయపడి, తిట్టారా అని అడిగాను. ఉమేష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తరవాత, కాదు అన్నాడు.’”

“కాదన్నాడా?”

“‘మా నాన్నకి ప్రేమొస్తే గొంతు పెరుగుతుంది అన్నాడు. యూస్‌లెస్ ఫెలో అంటే మా ఇంట్లో…’ ఇక్కడ ‘నా నిధి’ అని వస్తోంది నాన్నా. నా బంగారం అని చెప్పాడన్నమాట.”

“బంగారమా?”

“నాన్నా, ఆపేయనా?”

“సదువు.”

“‘పోయిన నెల నాకు కొడుకు పుట్టాడు. రోజూ వాణ్ణి మీ మాటతోనే పిలుస్తున్నాను. సరిగ్గా పలుకుతున్నానో లేదో మీరు విని చెప్పాలి.’ వాయిస్ పెట్టాడు. ఇదిగో.”

“మళ్ళీ పెట్టు.”

“నాన్నా…”

“మళ్ళీ పెట్టమ్మా. ఆ పక్కన కూసేది బిడ్డేనా?”

“బిడ్డే. ఇప్పుడేం రాయను నాన్నా? ఇనూతిల్ సంగతి చెప్పేద్దామా? తెలీక పసివాణ్ణి…”

“వొద్దు.”

“మరి?”

“సరిగ్గానే పిలుస్తన్నాడని రాయి. నాను పిలిసినదానికంటే సరిగ్గా పిలుస్తన్నాడని రాయి.”