పొలంలో పాడుకున్న పాట

శామీర్‌పేటలో, ఇంటి అరుగు మీద కూర్చుని పాలకూర కట్టలు కడుతోంది యాదవ్వ. కొంపల్లి నుంచి వచ్చిన మనవడు అన్వేష్ ఫోన్లో తన బ్యాండు పాట పెట్టగానే ఆమె చేతిలోని కట్ట పక్కన పడేసింది.

“బంద్ జెయ్యిరా. ముందుగాల గది బంద్ జెయ్యి.”

“అయిపోలేదవ్వా! డ్రమ్స్ ఇప్పుడే...”

“బంద్ జెయ్యమన్ననా లేదా?”

“జేసిన, జేసిన. నచ్చలేదా? నీ గొంతే గద! పోయిన నెల నువ్వు కలుపు తీస్కుంట పాడుతుంటే రికార్డు జేసిన.”

“నన్నడిగినవా?”

“సర్‌ప్రైజ్ ఇద్దామని. దీన్ని ఫోక్ రాక్ అంటరవ్వా. అరవై ఏండ్ల కింద అమెరికాల మొదలైంది. ఊర్లల్ల పాడుకునే పాత పాటలు తీస్కొని, కరెంటు గిటార్లు, డ్రమ్స్ వెట్టి వాయించిన్రు. జనం పాట, కొత్త మోత. గంతే.”

“జనం అంటే ఎవలు?”

“అంటే... ఎవలు కట్టిన్రో తెల్వదు. అందరిది.”

“గట్లనే రాసినవా?”

“ఆ. నెట్ల పాట కింద ‘శామీర్‌పేట పొలం పాట, కట్టినోళ్లు తెల్వదు’ అని వెట్టిన. శనివారం మేడ్చల్‌ల ఒక పెండ్లోళ్ల సంగీత్ ఉన్నది, పెండ్లికి ముందటి ఆటపాట. పెండ్లిపిల్ల గీ పాట మీదనే డ్యాన్స్ జేస్కుంట వస్తదట.”

“థూ! పెండ్లిపిల్లనా?”

“ఏమైందే? ‘బువ్వ సల్లారె బిడ్డా, ఎప్పుడొస్తవే’ అని. పొలంకెల్లి బిడ్డను అన్నానికి పిలుసుడే గద?”

“పొలం పాట గాదురా అది. పీనుగు కాడి ఏడ్పు. ఇంట్ల పాడితే ఇంటికి మంచిది గాదని పొలంల పాడుకుంట. ఇన్నేండ్ల సంది, కలుపుల వంగి, ఎవ్వలకు ఇనవడకుండ.”

“అరే... నాకేం తెల్సు! పోనీ, వాళ్లకు మాత్రం ఏం తెలుస్తదవ్వా? ట్యూన్ మస్తుంది. అందరికి మాటిచ్చిన, ప్రాక్టీస్ గూడ అయిపోయింది.”

“ఏడ్పు మీద ఎగురుతరారా? సిగ్గనిపిస్తలేదా? నిన్ను జూస్తుంటేనే రోతొస్తాంది.”

“గంత మాటెందుకు? ఎవలో, ఎన్నడో ఏడ్సిన్రు...”

“ఎవలో?”

“పాతదే గద! నీకంటె ముందటోళ్లదైతది.”

“ముందటోళ్లది గాదు. నేనే కట్టిన.”

“నువ్వా? ఎవలు సచ్చిపోతె?”

“అడగకు. తీసెయ్యి, పో.”

“చెప్పవ్వా. చెప్తెనే గద, నేను ఆళ్లకు ఏదన్న...”

“మీ అమ్మ, నా బిడ్డ. ఆమెను కాటికి తీస్కపోంగ కట్టిన, పాలకు ఏడుస్తున్న నిన్ను ఒళ్లె ఏస్కొని.”