నారింజ రంగు మొలకలు

ఆళ్లగడ్డ దగ్గరి కొబ్బరి నర్సరీలో, చెట్లెక్కే పెద్దాయన మొలకల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఎదురుగా నర్సరీ చూసుకునే మేడం.

“పొడుగు చెట్టెక్కి తెచ్చిన పుప్పొడి ఈ పొట్టి చెట్ల పూలకు చల్లింటే, మొలకలు గోధుమ రంగులో రావాల. ఇవన్నీ తల్లిచెట్టు మాదిరే నారింజ రంగులో ఉండాయి. నువ్వు చల్లలేదు కదన్నా?”

“లేదు మేడం. చల్లినానని అబద్ధం చెప్పినా.”

“ఎందుకు?”

“పోయినేడు జారి పడినప్పట్నుంచి చెట్టెక్కాలంటే కాళ్లు వణుకుతాండాయి.”

“అప్పుడే చెప్పింటే ఇంకొకర్ని ఎక్కించేదాన్ని కదా!”

“ఈడ అందరికీ చెట్టెక్కేది నేర్పినోన్ని నేనే. ఎట్ల చెప్పేది?”

“గడివేముల రైతులు హైబ్రిడ్ మొక్కల కోసం ఏడాదిగా కాచుకోనుండారు.”

“వాళ్లకు నేనే చెప్తా.”

“ఏమని? ఒళ్లు బాగలేదనా?”

“కాదు మేడం. భయపడినానని.”