ముత్తమ్మను నడిపిచ్చిన ముచ్చట

“తాతా, అమ్మకు ఆపరేషనైంది. లేపి నడిపియ్యమన్నరు. అమ్మమ్మ వద్దంటది. నువ్వు నడిపిచ్చినందుకే చిన్నమ్మమ్మ పోయిందంట, నిజమేనా?”

మీ అమ్మమ్మ రాములమ్మ ఇంక అదే అంటున్నదా? కూసో బిడ్డా. అసలు సంగతి నాకు మొదలు చెప్పింది భద్రాచలం దవాఖానల నర్సమ్మ. ఆమె చెప్పినట్టే చెప్త, ఒక్క మాట అటు ఇటు కానియ్య.

మీ చిన్నమ్మమ్మ, నా ముత్తమ్మకు గర్భసంచి తీసింది ఖమ్మం దవాఖానల. నడిపియ్యి, నీళ్లు మంచిగ తాపియ్యి అన్నరు. ఎందుకని వాళ్లు చెప్పలే, నేనడగలే. నా భుజం పట్టుకొని వరండల నడిచింది. “మెల్లగయ్యా, నేనేమన్న ఎడ్లబండినా” అని నవ్వింది గూడ. మీ అమ్మమ్మ మూతి ముడిసింది. నా పెండ్లినాడు కూరల ఉప్పు లేదన్నప్పటి సంది ఆమెకు నేనంటే... సరే, అదొద్దు.

ఇంటికి, బూర్గంపాడుకు తెచ్చినంక వాళ్లక్క రాములమ్మ చేతులకు పోయింది. కడుపు కోసినంక బాలింత లెక్కనే అన్నది. చెవులకు గుడ్డ కట్టింది, మంచం దిగనియ్యలే. నీళ్లు తాగితే కుట్లు చీము పడ్తయని గొంతు తడిసేటన్నే ఇచ్చింది. బాలింత అర్రలకు మొగోడు పోవద్దు గదా, నేను గడప బయట. “నడిపియ్యమన్నరు వదినా” అంటే, “నువ్వేమన్న కన్నవా, నీకేం ఎరుక?” అన్నది.

పిక్క వాచింది. ఒక్క కాలే, ఎర్రగ, వేడిగ. వాతమని నూనె కాచి ఒత్తింది. ప్రేమ లేక కాదు, అబద్ధమాడ. ఒత్తంగనే ముత్తమ్మ “ఊపిరాడ్తలేదక్కా” అన్నది. ఆటోల గోదారి దాటేటప్పుడు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. దవాఖానకు పోయేటాళ్లకు వదిలింది.

నర్సమ్మ చెప్పింది. పెద్ద ఆపరేషనైనంక కదలకుంట పంటే కాలు నరంల రక్తం గడ్డ కడ్తదట, అది పోయి ఊపిరితిత్తులల్ల అడ్డం పడ్తదట. వాచిన కాలు ఒత్తొద్దు, జల్దీ తేవాలె అన్నది. నడిచినోళ్లకు గూడ ఒక్కొక్కరికి వస్తదట, అదీ దాయను.

కర్మలనాడు మీ అమ్మమ్మ అందరిల అన్నది, నడిపిచ్చి కుట్లు కదిలిచ్చిండని. ఏడ్చేటోళ్ల నడుమ కొట్లాడుడు నాకు రాదు. గప్పటి సంది మీ ఇంటోళ్లు ఈ గడప తొక్కలే. టీవీ పెట్టుకుంట, మనిషి గొంతు వినవడ్తదని. ఏం చెప్తున్నరో నాకెరుక లేదు.

చాయ్ తాగుడు ఇప్పుడొద్దు, లే. ముందు మీ అమ్మను లేపి నడిపియ్యి. కాళ్లు రెండూ ఒక్క తీరుగ ఉన్నయో లేదో చూడు. ఎనుక నా ముచ్చట. నన్ను పిలువకున్నా మంచిదే. కర్మలనాడు ఆమె ఎంతమందిల అన్నదో, అంతమందిల నువ్వు చెప్పు బిడ్డా, ముత్తమ్మను సంపింది నడక కాదని.