రెజ్యూమెలో విరామం

ఇంటి పనులా? ఏమండీ, మిమ్మల్నే! గోడకేసి చూస్తే ఎలా? నా రెజ్యూమెలో ‘ఇంటి పనుల వల్ల కొంతకాలం విరామం’ అని రాసి పంపించేశారా? నాతో ఒక్క మాట చెప్పకుండా?

పొద్దున గోడౌన్ వాళ్ళు ఫోన్ చేస్తే కదా నాకు తెలిసింది! ఆ మేనేజరమ్మ మర్యాదగానే మాట్లాడింది లెండి. సోమవారం ఇంటర్వ్యూకి రమ్మంది. ‘ఇంటి పనులన్నీ ఒక కొలిక్కి వచ్చాయా అండీ?’ అని అడిగింది. ఏం చెప్పను? వచ్చాయన్నాను. నోరెలా వచ్చిందో! ఆ తర్వాతే తీసి చూశాను, మీరు పంపింది.

మన పిచ్చుక ఇంటి పనా అండీ? ముద్ద దిగకపోతే కథలు చెప్పి గుటక వేయించడం, ఆస్పత్రి వరండాలో ఒళ్ళో వేసుకుని వీపు నిమురుతూ కూర్చోవడం... కన్నకూతురికి చేసుకున్నవన్నీ అంట్లు తోమినట్టూ బట్టలు ఆరేసినట్టూనా?

తెలుసు, తెలుసు. మీరేమంటారో నాకు తెలుసు. నేను రాసుకున్నది ఎవరూ చదవలేదు. స్టాకు చూసిన సంగతి, కొత్తవాళ్ళకి పని నేర్పిన సంగతి ఎక్కడో అడుగున పడేశాను. పైనంతా అదే. దానికి జ్వరం ఎలా మొదలైంది, నేనెందుకు ఉద్యోగం మానేశాను, నా చేతుల్లోనే ఎలా పోయింది... పేజీలకి పేజీలు! ఎన్ని చోట్లకి పంపినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. పాపం, వాళ్ళు మాత్రం ఏమని జవాబిస్తారు? ఈవిడ ఉద్యోగం అడుగుతోందా, ఓదార్పు అడుగుతోందా అనుకుని ఉంటారు.

మీరు ఒక్క పేజీకి కుదించారు. నా పనితనమంతా పైకి తెచ్చారు. స్టాకులో ఏనాడూ తేడా రానివ్వలేదని మొదట్లోనే పెట్టారు. బాగుందండీ. ఎవరీవిడ, ఇంత గట్టిది అనిపించింది నాకే! అందుకే పిలిచారు. కాదనను.

కానీ దాన్ని తీసేసేటప్పుడు మీకు చెయ్యెలా ఆడింది?

ఏంటది? ఏడుస్తున్నారా? అయ్యో, ఇటు తిరగండి. ఓసారి ఇటు తిరగండి! ఆడలేదు కదూ? నాకు తెలీదా ఏంటి? మీరు మాత్రం ఎవరితో చెప్పుకున్నారు గనక! ఆఫీసుకెళ్ళడం, రావడం, నాకింత అన్నం కలిపి పెట్టడం... మీరు తిన్నారో లేదో కూడా నేనడగలేదు.

ఒకటి చెప్పనా? ఏమీ అనుకోకండి. ఫోన్ పెట్టేయగానే నాకు ముందు సంతోషమేసింది. నిజంగానండీ! ఎన్నాళ్ళకో. గబగబా లోపలి గదిలోకి పరిగెత్తాను, దానికి చెబుదామని. ‘పిచ్చుకా, అమ్మని రమ్మన్నారే!’ అని తలుపు తోస్తూనే అరిచేశాను కూడా.

దుప్పటి వేసిన మడత వేసినట్టే ఉంది.

ఏం చేస్తాం... వెళ్తాను లెండి. ఇంట్లో కూర్చుంటే మాత్రం, ఎవరున్నారని?