విజయరాణమ్మ పాట మధ్యలో నేనందించిన మాట

అధ్యక్షస్థానంలో ఉన్న రాజేశం గారికి, ముందు వరసలోని పెద్దలకు, దుఖాన్ చమురు బావుల నుంచీ రాస్ లఫాన్ గ్యాసు ప్లాంట్ల నుంచీ డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన అన్నదమ్ములకు, ఐన్ ఖాలిద్ పేట అక్కచెల్లెళ్ళకు, అందరికంటే ముఖ్యంగా ఇప్పుడే మనం శాలువా కప్పిన విజయరాణి అమ్మగారికి, పక్కనున్న సారుగారికి, వాళ్ళ ఇంటి డ్రైవర్ తిరుపాలు నమస్కారాలు. ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా నన్నెందుకు మైకు ముందుకు తోశారో నాకు తెలియదు.

రాజేశం గారు ఇందాక అమ్మగారిని గానకోకిల అన్నారు. క్షమించాలి అధ్యక్షా, కోకిల ఆ పాటలు పాడదు. (నవ్వులు) నవ్వకండి, తొంభై ఒకటి నుంచి ఆరేళ్ళుగా వింటున్నవాణ్ణి చెబుతున్నాను. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైన పలికేదాన్ని సొప్రానో అంటారనీ, అమ్మగారు గుంటూరు మిషన్ బడిలో మొదలుపెట్టి మద్రాసు మీదుగా లండన్ దాకా వెళ్ళి ఆ విద్య నేర్చుకున్నారనీ మీ ఆహ్వాన పత్రికలో వేశారు. వేయని సంగతి ఒకటుంది. మిగతా సొప్రానోలు ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందటి పాటలు పాడి చప్పట్లు కొట్టించుకుంటారు; ఈవిడ మాత్రం బతికున్నవాళ్ళు నిన్నా మొన్నా రాసిన పాటలే పాడతారు. ఆ కాగితాలు పోస్టులో వస్తాయి. ఆరు నెలలు సాధన చేసి, విమానమెక్కి జర్మనీయో మరొకటో వెళ్ళి, ఒక సాయంత్రం పాడి వస్తారు. చాలావాటిని ఆ తర్వాత ఎవరూ పాడరు. ఈ గొంతు కోసమే రాసినవి పద్దెనిమిదట, అందులో పదకొండు ఒక్కసారి వినపడి ఆగిపోయాయట. ఒక్క పూట కోసం ఇంత కష్టం ఎందుకమ్మా అని అడిగాను. "ఎవరో ఒకరు మొదటిసారి పాడాలి కదా తిరుపాలూ" అన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది.

ఇంట్లో సాధన కుదిరేది కాదు, పక్కింటివాళ్ళు రెండుసార్లు కబురు పంపారు. అందుకని కారులో, ఎడారి మధ్య దుఖాన్ రోడ్డు మీద. ఏసీ గాలి గొంతుకు పడదని ఆగస్టు నెలలో ఏసీ ఆపించేవారు, ఇసుక వస్తుందని అద్దాలు ఎక్కించేవారు. నా చొక్కా పిండితే బిందె నిండేది. (నవ్వులు) మొదటిరోజు వెనక సీట్లోంచి పెద్ద కీచు, దాని వెంట నాలుక టకటక, ఆ తర్వాత ఉత్త ఊపిరి వినపడేసరికి మూర్ఛ అనుకున్నాను. బండి పక్కకు తీసి, ఇనుము కదా అని తాళంచెవుల గుత్తి అమ్మగారి చేతిలో పెట్టబోయాను. ఆవిడ నావైపు చూసి, ఇది పాటే, యల్లా, పోనివ్వమన్నారు. వంట చేసే లూర్దమ్మ అయితే నెలరోజులు వాము నీళ్ళు కాచి ఇచ్చింది. ఇంకో సంగతి, అధ్యక్షులు అనుమతిస్తే చెబుతాను. పోయినేడు కచేరీకి వచ్చి, అరగంట విన్నాక నా చెవిలో "పాట అయిపోయిందా తిరుపాలూ, ఇంక షురూ గాలేదా?" అని అడిగింది ఈ అధ్యక్షులవారే. (నవ్వులు)

ఆ కచేరీ గురించే నేను చెప్పాలి. నవంబరులో, ఇక్కడే ఒక హోటల్ హాల్లో. నేను వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వేదిక పక్కన నిలబడ్డాను. అప్పటికి ఆ పాట నాకు నోటికొచ్చేసింది. సగం దాకా పాడి అమ్మగారు ఆగిపోయారు. హాలంతా నిశ్శబ్దం. ఆవిడ పెదవి కదలడం లేదు. మా ఊరి నాటకాలకు పన్నెండేళ్ళు తెర పక్కన నిలబడి మాట అందించినవాణ్ణండీ నేను. నటుడు ఆగితే అందించాలి, ఆలోచిస్తూ కూర్చోకూడదు. అందించేశాను. పాటలో ఆ తర్వాత వచ్చే, అర్థం లేని మూడు అక్షరాలు, "ఈ... యా... లో..." అని. ముందు వరసలు మొత్తం నావైపు తిరిగాయి. అమ్మగారు అక్కడినుంచి అందుకుని పాట పూర్తి చేశారు.

బయట ఒక తెల్లదొర నన్ను పట్టుకుని, ఆ నిశ్శబ్దం పాటలోనే రాసి ఉందని, దాన్ని నేను పాడుచేశానని కోప్పడ్డాడు. సారుగారిని అడిగితే, అవును, కాగితంలో ఉందన్నారు. కారులో సాధన చేసేటప్పుడు అమ్మగారు ఆ ఖాళీలన్నీ దాటేసేవారు, నాకెలా తెలుస్తుంది? ఆ కచేరీ తర్వాత ఆవిడ ఎక్కడా పాడలేదు. రెండు పిలుపులు వస్తే వద్దని రాశారు. దుఖాన్ రోడ్డుకు మళ్ళీ వెళ్ళలేదు. వచ్చే గురువారం మన దేశానికి వెళ్ళిపోతున్నారు, ఇక పాడనంటున్నారు. గొంతుకేమీ కాలేదు, ఆ సంగతి నాకు తెలుసు.

అమ్మా, పది నెలలుగా మిమ్మల్ని ముందు అద్దంలో చూస్తూ బండి నడుపుతున్నాను, అడిగే ధైర్యం చాల్లేదు. ఇంతమందిలో అడుగుతున్నాను. మీ పాట ఆగింది నా వల్లేనా?

(విజయరాణి గారు లేచారు. మైకు ఆమెకు అందించారు.)

"అక్కడ తొమ్మిది సెకన్లు ఆగాలి. నేను ముప్ఫై దాకా లెక్కపెట్టాను తిరుపాలూ. తర్వాత ఏముందో గుర్తు రాలేదు. ఆ సంవత్సరంలో అలా కావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లు బయటి ఊళ్ళలో అందించేవాళ్ళు లేరు, నిలబడిపోయాను. నీ తప్పు లేదని చెప్పడానికి నాకు ఇన్నాళ్ళు సిగ్గు అడ్డమొచ్చింది."

(చప్పట్లు.)

చప్పట్లు వద్దండీ, దయచేసి. నాకు సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు. నన్ను పిలిచిన అధ్యక్షులకు, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. పది నెలలు ఆ తప్పు నాది కాకూడదని కనపడ్డ దేవుడికల్లా మొక్కుకున్నాను. ఇప్పుడు చూస్తే, అమ్మా, అది నాదే అయి ఉంటే బాగుండేది. నన్ను నాలుగు తిట్టి మీరు మళ్ళీ పాడేవారు. సెలవు.