బూడిద రంగు ముక్క

సూరత్, 2021 వేసవి. అడాజన్‌లో ఒక ఫ్లాట్. మిల్లు సూపర్‌వైజర్ సోమలింగం లాప్‌టాప్ మీద ఇంటి ఖర్చుల గుండ్రటి చార్ట్ తెరిచి కూర్చున్నాడు, పక్కనే భార్య సంధ్యారాణి నిలబడింది. స్పీకర్ ఫోన్‌లో ఉన్నది ఆమె తమ్ముడు మహేశ్. అదే నగరంలో, అమ్రోలిలో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

“...గా ఒక్క ముక్కకే పేరు కనవడ్తలేదు బామ్మర్దీ. కిరాయి ఉంది, పాలు ఉన్నయి, కరెంటు ఉంది. గీ బూడిద రంగు ముక్కకే ఏం లేదు. నెల ఖర్చుల అయిదో వంతు!”

“మౌస్ దాని మీద పెట్టి సూడు బావా.”

“పెట్టిన. ఏం రాదు. మీ అక్కనే తుడిపేసింది.”

“నేనేం తుడపలే. నువ్వు చెప్పినట్టు రోజు ఖర్చు ఫోన్ల ఎక్కిస్త, గంతే. చార్ట్ జోలికే పోలే.”

“నడుమ మాట్లాడొద్దన్ననా?”

“అమ్మా!”

“బావా, ఏం సప్పుడది?”

“దోమ.”

“దోమనా?”

“దోమను కొట్టిన. నువ్వు చార్ట్ సంగతి సూడు.”

“సూస్తున్న. అక్కా, మంచిగున్నవా?”

“మంచిగనే ఉన్న తమ్మీ.”

“దాని మంచీచెడ్డలు తర్వాత. ఏయ్ మహేశ్, ఆ బర్రుమనుడు ఏందిరా?”

“దుకాణంల కూలర్ బావా. ముందుగాల బ్యాకప్ తియ్యి. పైన ఫైల్ అని ఉంటది, నొక్కితే వస్తది. రెండేండ్ల హిసాబ్, పోతే మల్ల రాదు.”

“తీస్తున్న... పది పర్సెంట్. మస్తు టైం పడ్తదిది.”

“పడనియ్. నువ్వు లైన్లనే ఉండు.”

“ఎవడో ‘మాస్క్ ఊపర్ కరో’ అని ఒర్రుతుండేంది?”

“గిరాకి బావా. మాస్క్ మీదికి గుంజుకొమ్మని పక్కోనికి చెప్తుండు. ఎంతైంది?”

“అరవై. ఎందుకు కనవడ్తలేదో చెప్పు ముందు.”

“చిన్న చిన్న ఖర్చులుంటయి కదా, వంద, యాభై. వేరేవేరేగ గీస్తే కంటికి ఆనయని అన్నిటిని కలిపి ఒక్క ముక్క చేస్తది. పేరు పెట్టదు. ఎవరూ తుడపలే. దాని తీరే గంత.”

“గన్ని చిల్లర ఖర్చులు ఎక్కడియిరా? ఏయ్, చెప్పు! ఎవనికి పెడ్తున్నవ్ పైసలు?”

“ఎవనికి లేదు. మెడికల్ షాపుకు.”

“అబద్ధం! గీ ఇంట్ల ఎవనికొచ్చింది కరోనా?”

“జుట్టు ఇడువు, చెప్త... ఇడువు! పట్టీలు. నొప్పి గోలీలు. వాపుకు మలాము. మొన్న పన్ను ఊడినప్పుడు దూది. నువ్వు కొట్టినప్పుడల్లా వందో, యాభయ్యో. గవన్నీ కలిస్తే గా ముక్కయింది.”

“నోరు లేస్తుందే నీకు!”

“బావా! ఆగు బావా! ఏమిసిరినవ్?”

“స్టూల్. మొగనికి ఎదురు మాట్లాడ్తే ఇంకోటి ఇసుర్త. నీకేంరా?”

“తమ్మీ, నువ్వు ఫోన్ పెట్టెయ్...”

“పెట్టద్దు! బావా, నాకేం లేదు, నీ హిసాబే పోతది! జల్ది, రెండు చేతులు కీబోర్డ్ మీద పెట్టు!”

“ఏందిరా?”

“గిట్లయితే బ్యాకప్ నడుమ ఆగుతది. ఆగితే రెండేండ్లది సాఫ్. ఎడమ చేతితోని కంట్రోల్, షిఫ్ట్. కుడి చేతితోని ఎఫ్ అయిదు. నొక్కిపట్టు. ఇడువకు!”

“పట్టిన, పట్టిన! పట్టుకుంటే గా ముక్కను విడగొట్టి చూపిస్తదా?”

“ప్రతి రూపాయి చూపిస్తది. ఇంకొక్క పనుంది. కింద మీటర్ కాడ మీ ఫ్లాట్ స్విచ్ బంద్ చెయ్యాలె.”

“ప్లగ్గు గుంజితే సాలదా?”

“సాలదు. వైఫై గూడ పూరా బంద్ కావాలె.”

“నేనే పోత.”

“చేతులు తీస్తవా మరి?”

“తియ్య! గీ తలుపుకు తాళమేసిన కదరా.”

“పగటీలి తాళమెందుకు బావా?”

“కరోనా. ఎవరూ రావద్దని, ఎవరూ పోవద్దని. ఏయ్! నా అంగీ జేబుల చావి ఉంది, తీస్కో. స్విచ్ బంద్ చేసి రా. రెండు నిమిషాలు దాటిందా, కాళ్ళు ఇరగ్గొడ్త.”

“మూతికి రక్తం కారుతుంది. ఎట్ల పోవాలె?”

“మాస్క్ పెట్టుకో. ఎవనికి కనవడది.”

“అక్కా, చెప్పులు తొడుక్కో. జర పైలం, మెట్లు మెల్లగ దిగు.”

“సరే తమ్మీ.”

“పోయింది. తలుపు గూడ ఎయ్యలే, బుద్ధిలేనిది. మహేశ్, ఏళ్ళు గుంజుతున్నయ్‌రా.”

“ఓర్సుకో బావా. ఇడువకు.”

“ఆ... ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయింది.”

“మంచిది. చేతులు?”

“మీదనే ఉన్నయ్. బ్యాకప్ వంద అయింది. ముక్క గట్లనే ఉంది, పేరు రాలే.”

“వస్తది. ఇంక జర సేపు.”

“గీ చెమటకు చచ్చిపోతున్న. అయిదు నిమిషాలాయె, అదింకా రాదేంది? ఏయ్ సంధ్యా! ఓ సంధ్యా! పైకి రానియ్ చెప్త, తోలు తీస్త.”

“పిలువకు బావా.”

“ఎందుకు పిలువద్దు?”

“ఇందాక బర్రుమన్నది కూలర్ కాదు, నా బండి. అక్క దాని ఎన్క కూసుంది. నువ్విగ చేతులు తియ్యి.”